కార్జంలో నీటితిత్తి

మోచేతుల దాకా తొట్టిలో ముంచి ఆమె గొర్రె పేగులను తిరగేసి కడుగుతోంది. పక్కన భర్త కార్జాలు కోస్తున్నాడు. ఒకదాని మీద తెల్లటి నీటిబుడగ కనిపిస్తే ఆ మేరకు కోసి ఆమె వైపు తోశాడు. ఆమె దాన్ని గుమ్మంలో ఉన్న కుక్కకు విసిరింది. అది గాల్లోనే అందుకుంది.

అనుమానం ఆమెకు పుట్టుమచ్చ లాంటిది. పాలవాడు నీళ్లలో పాలు కలుపుతాడనేది. నమ్మినది ఆ కుక్కనొక్కదాన్నే.

ఏడాదిగా కుడి డొక్కలో బరువు. ఆ మధ్యాహ్నం స్కాన్ తీసిన డాక్టరమ్మ, కార్జంలో కొబ్బరికాయంత నీటితిత్తి ఉందంది.

"నీళ్లకి కత్తెందుకు? సూదితో లాగెయ్యండి."

"నీ తిత్తి లోపల పిల్లతిత్తులున్నాయమ్మా. ఒక్కటి చిందినా కడుపంతా మొలుస్తాయి. చుట్టూ ఉప్పునీళ్ల గుడ్డలు కప్పి, జాగ్రత్తగా తీస్తాం."

"తీసింది నాకు చూపించాలి. కిడ్నీ తీసేసి తిత్తి అంటే నేనేం చేసేది?"

డాక్టరమ్మ నవ్వకుండా ఒప్పుకుంది. తర్వాత వరండాలో భర్తతో చాలాసేపు గుసగుసగా మాట్లాడింది. ఆమె తలుపు అద్దంలోంచి చూసింది. తన చావు గురించే అనుకుంది. ఆపరేషన్‌కి ముందు వాడమని ఇచ్చిన మాత్రలను కూడా వాసన చూసి మింగింది.

ఆపరేషనైన మర్నాడు, డొక్కలోంచి గొట్టం వేలాడుతుండగా, డాక్టరమ్మ మాట తప్పకుండా సీసా తెచ్చి చూపించింది. ఉడికిన గుడ్డు తెల్లసొన లాంటి పొర, అడుగున ద్రాక్షల్లాంటి బుడగలు.

ఆమె చాలాసేపు చూసింది. "ఇవి గొర్రెల్లో ఉంటాయి. మా కుక్కకి వేస్తాను."

"అక్కణ్ణుంచే వచ్చింది. అవి తిన్న కుక్క కడుపులో పురుగులు పెరుగుతాయి. వాటి గుడ్లు బొచ్చుకి అంటుకుని, నీ చేతి ముద్దతో లోపలికి పోయాయి. పచ్చి కార్జం పెట్టకు. దానికి పురుగుల మాత్రలు వేయిస్తూ ఉండు, చాలు. మీ ఆయనకి ఆ రోజే చెప్పాను."

గుసగుసలు అవన్నమాట. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆమె ఒక మనిషి మాటను పూర్తిగా నమ్మింది.

ఇంటికొచ్చేసరికి గుమ్మం బోసిగా ఉంది.

"ఏవయ్యా, అదేది?"

"తోటాయనకిచ్చేశాను. నువ్వు ఆసుపత్రిలో చేరిన మర్నాడే." అతను కత్తి నూరుతున్నాడు, తల ఎత్తలేదు.

"మాత్రలు చాలన్నారుగా."

"మాత్రల్ని నమ్మి నిన్ను పోగొట్టుకోమంటావా?"

ఆమె తోటకి బయల్దేరబోయింది. చెప్పుల కోసం, కుట్లు లాగుతున్నా వంగి మంచం కింద చూసింది. మర్నాడే అన్నాడు. ఇన్నాళ్లూ ఉంచుకుని, ఈ పొద్దునే పంపేశాడని ఆమెకు తెలిసిపోయింది. నిజంగా ఎక్కడికో అడగడానికి ధైర్యం చాలలేదు.

మంచం కింద ఆమె ఎడమకాలి చెప్పు ఉంది. కొరికిన పట్టీ మీద చొంగ తడి ఇంకా ఆరలేదు.