మా మలుపు కెమెరా

మా వీధి మలుపులో కెమెరా పెట్టిన రోజే వీధిలో రెండు పార్టీలు పుట్టాయి. అది ప్రాణాల ఆదా కోసం అన్నది నా పార్టీ. కాదు, ఆదాయం కోసం అన్నది గాలిపటం పార్టీ. ఆదాకీ ఆదాయానికీ తేడా ఒక్క ‘యం’ ముక్క. ఆ ముక్క యంత్రానిదని అతనూ, యముడిదని నేనూ రోజూ నా టైలరింగ్ షాపులోనే కూర్చుని కొట్టుకునేవాళ్లం.

గాలిపటం అంటే దుకాణాలకి మంచినీళ్ల డబ్బాలు వేసే మనిషి. అతని ఎర్ర వ్యాను నేల మీద కన్నా గాలిలోనే ఎక్కువసేపు ఉంటుందని వీధి వాళ్లు ఆ పేరు పెట్టారు. కెమెరా వచ్చిన కొత్తలో అది అతని మీద మోజు పడింది. వెళ్తే ఒక ఫొటో, వస్తే ఒక ఫొటో.

“పెళ్లి ఫొటోలకి ఒక్కసారే కట్టాను బావా,” అని గోల పెట్టేవాడు. “ఈ ఫొటోలకి నెలనెలా కట్టాల్సొస్తోంది. పైగా ఒక్కదాంట్లోనూ నా మొహం లేదు, అన్నీ వ్యాను వెనక భాగాలే!”

“నీ మొహం కన్నా అదే నయమనుకున్నారేమో.”

“నవ్వు, నవ్వు. ఆ డబ్బుతో ఒక్క గుంత పూడ్చారా? ఒక్క గీత గీశారా? జనం క్షేమం కోసమైతే ఒక మనిషిని నిలబెట్టి చెయ్యి ఊపమను. కెమెరా ఎందుకు?”

“మనిషైతే నువ్వు మాట్లాడి మాయ చేస్తావు. అది మాట వినదు.”

“మాట వినదు, డబ్బు వింటుంది!”

చలానాలు వచ్చాక గాని అతనిలో చలనం రాలేదు. నెమ్మదిగా గాలిపటానికి దారం కట్టినట్టయింది, మలుపు దగ్గర నడిచినట్టు నడిపేవాడు. అతనొక్కడే కాదు, అందరూ అంతే. పైనుంచి పల్లంలోకి దూకుతూ వచ్చే బళ్లు స్తంభం కనబడగానే బుద్ధిమంతులైపోయేవి.

నా పార్టీకి ఒక కారణం ఉంది. మా అన్నయ్య ఆ రోడ్డు మీదే పోయాడు. షాపు ఇటు పక్క, అన్నయ్య ఇల్లు సరిగ్గా అటు పక్క. మధ్యాహ్నం ఇంట్లో భోంచేసి షాపుకి వస్తుంటే, మలుపు తిరిగిన కారు అతన్ని చూడలేదు. చూసేసరికి చూడటానికి ఏమీ మిగల్లేదు. వదిన గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె మాత్రం మొదటి నుంచి చివరిదాకా చూసింది.

వదిన మా షాపులో కాజాలు కుట్టేది. మిషను మీద కాదు, చేత్తో. ఆమె కుట్టిన కాజాలో బొత్తాం పెడితే పట్టుకుని వదిలేది కాదు. “మేం కాజాలు కుడతాం గాని గుడ్డ కాజెయ్యం,” అని మా అన్నయ్య ప్రతి గిరాకీకీ చెప్పేవాడు. ప్రతిసారీ కొత్తగా వింటున్నట్టు వదిన నవ్వేది.

అన్నయ్య పోయాక ఆమె రోడ్డు దాటడం మానేసింది. నేను చెయ్యి పట్టుకుంటానన్నాను. మా ఆవిడ రెండు చేతులూ పట్టుకుంటానంది. వదిన అంచు దాకా వచ్చేది, పాదం మాత్రం కిందికి దించేది కాదు. మా బలవంతం ఎక్కువైతే వెనక్కి తిరిగిపోయేది. ఇల్లే ఆమెకు లోకమైపోయింది. ఆ లోకంలో జనాభా ఒకటి.

కెమెరా వచ్చిన కొన్ని నెలలకి, ఒక పొద్దున నేను కాలరు అతుకుతూ తలెత్తి చూస్తే, వదిన నా ఎదురుగా నిలబడి ఉంది. ఒక్కతే దాటి వచ్చింది.

“ఏంటలా గుడ్లప్పగించి చూస్తావు మరిదీ? సూదీ దారం ఇవ్వు. నా పని ఎవరో కోతి చేత చేయించినట్టున్నావు, ఈ చొక్కా చూడు.”

ఆ కోతిని నేనే. ఆ మాట చెప్పకుండా సూదీ దారం ఇచ్చాను. ఆ రోజు నుంచి పొద్దున రావడం, మధ్యాహ్నం ఇంటికి పోయి భోంచేసి కాసేపు నడుం వాల్చడం, సాయంత్రం మళ్లీ రావడం. అంతా ఆ ఇనప కన్ను చలవే అని నేను గాలిపటంతో గొంతు చించుకుని వాదించేవాణ్ణి. అతను వదినని చూసి, ఆ పూటకి వాదన మానేసేవాడు.

ఇలా ఉండగా ఒకరోజు ట్రాఫిక్ ఆఫీసు ఇంజనీరు వచ్చి స్తంభం చుట్టూ తిరిగి, నీడ కోసం మా షాపులోకి వచ్చాడు. నెమ్మదస్తుడు. కుర్చీ వేశాను.

“ఈ కెమెరా పనిచెయ్యట్లేదండీ,” అన్నాడు.

“చెడిపోయిందా?”

“చెడిపోలేదు. ఎవరూ దొరకట్లేదు.”

“దొరకట్లేదంటే పనిచేస్తున్నట్టే కదండీ!”

“మీకలా అనిపిస్తుంది. దీన్ని నడిపేది మేం కాదు, ఒక కంపెనీ. పంపే జరిమానా నోటీసుల్లో వాళ్లకి వాటా. నోటీసులు తగ్గిన కెమెరాని ఇంకో చోటికి మార్చుకోవచ్చని ఒప్పందంలో ఉంది. దీన్ని వంతెన దిగే చోటికి తీసుకుపోతామంటున్నారు. అక్కడ బాగా పడతారు.”

“పడటానికి వాళ్లేమన్నా చేపలా? అక్కడ ఎవరన్నా చచ్చారా?”

“లేదండీ. రోడ్డు వెడల్పుగా ఉంటుంది, తెలీకుండానే వేగం పెరుగుతుంది.”

“ఇక్కడ మనిషి పోయాడండీ.”

“అది కెమెరా పెట్టకముందు కదా. పెట్టాక ఎవరూ పోలేదు. అందుకే ఇది ప్రమాదం లేని చోటు కింద లెక్క.”

గాలిపటం డబ్బా దించుతూ అంతా విన్నాడు. “చెప్పానా! ఆదాయం! వినబడిందా బావా? ఆదా...” అని కేక పెట్టబోయి వెనక్కి చూశాడు. మూల స్టూలు మీద వదిన సూది గుడ్డలో గుచ్చి, తియ్యకుండా అలాగే పట్టుకుని కూర్చుంది. అతని కేక సగంలోనే తెగిపోయింది. ఇన్నాళ్లూ వాదించి గెలిచినవాడు అంత దిగులుగా డబ్బా ఎత్తుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

దర్జీవాణ్ణి కదా, అర్జీ పట్టుకుని ఆఫీసుకి వెళ్లాను. అక్కడ దర్జాగా కూర్చున్న పెద్దాయన దాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, గుడ్డ నాణ్యం చూస్తున్నట్టు చూశాడు. “బళ్లన్నీ నెమ్మదిగా వెళ్తున్నాయని మీరే రాశారు. ఇంకేం కావాలి?” అన్నాడు.

ఆ మధ్యాహ్నం గాలిపటం షాపులోకి వచ్చి షట్టరు సగం దించాడు.

“వాళ్లకి కావలసింది నోటీసులే కదా బావా? ఇద్దాం.”

“ఎవరిస్తారు?”

“నేను లేనూ? నా అనుభవం మామూలుదా? నేనొక్కణ్ణీ చాలకపోతే నువ్వు, మందుల షాపావిడ, ఆవిడ తమ్ముడు. తలా ఒక చెయ్యి వేద్దాం.”

“చెయ్యి కాదు, కాలు వెయ్యాలి. యాక్సిలరేటరు మీద.”

నిజం చెప్పొద్దూ, ఆ ఉపాయం నాకు ఎంత నచ్చిందంటే, ఇంత తెలివి నాకెందుకు తట్టలేదని కాస్త కుళ్లుకున్నాను కూడా. కెమెరా ఆకలితో చచ్చిపోతోంది, మేం మేత వేస్తాం. అంతే కదా! వదిన ఇంట్లో నడుం వాల్చే వేళే చెయ్యాలి. ఒకరు మలుపులో నిలబడి, రోడ్డు మీద పురుగు కూడా లేదని చూసుకుని నా కొలత టేపు ఊపాలి. అప్పుడే బండి వదలాలి. తప్పు చెయ్యడం మాకు తప్పనిసరి అయింది గాని, తప్పుల్లో అంత క్రమశిక్షణ ఎవరూ చూసి ఉండరు. వదినకి చెబితే వద్దంటుందని చెప్పలేదు.

గాలిపటం మొదటి రోజే పాత ప్రతాపం చూపించాడు. మందుల షాపావిడ కళ్లు మూసుకుని బండి దూకించింది, ఆ తరవాత తన షాపులోంచే తలనొప్పి మాత్ర తీసుకుని వేసుకుంది. నా స్కూటరు మాత్రం ఎంత బతిమాలినా చట్టాన్ని అతిక్రమించనంది. చివరికి పల్లం మొదటి దాకా తోసుకుపోయి, హ్యాండిలు మీద బోర్లా పడుకుని వదిలాను. కెమెరా తళుక్కుమంది. వీధి వీధంతా చప్పట్లు కొట్టింది. పెళ్లిలో కూడా నాకు అన్ని చప్పట్లు పడలేదు. ఇలా వంతులవారీగా కొన్ని వారాలు నడిపాం.

ఒక పొద్దున వదిన రాలేదు. మర్నాడూ రాలేదు. నేను దాటి వెళ్లాను. ముందుగదిలో కిటికీ పక్కన కూర్చుని ఉంది.

“ఒంట్లో బాలేదా వదినా?”

“బాగానే ఉంది.”

“మరి?”

“మధ్యాహ్నం పూట ఇక్కడ నిద్ర పడుతుందనుకున్నావా? ఆ మోతకి లేచి చూస్తున్నా, రోజూ. కెమెరా వెలుగుతూనే ఉంది. వెలుగుతున్నా ఆగట్లేదు వాళ్లు. ఎర్ర వ్యాను ఒకటి...”

“అది గాలిపటం వ్యానే వదినా.”

“తెలుసు. నాకు కళ్లు పోలేదు. స్కూటరు మీద నిన్నూ చూశా.”

నేను గబగబా మొదలుపెట్టాను. నోటీసులు, వాటాలు, వంతెన, టేపు, అన్నీ చెప్పాను. మధ్యలో మందుల షాపావిడ తలనొప్పి కూడా చెప్పాను. వదిన నవ్వలేదు.

“నా కోసం చేశారా?”

“ఇంకెవరి కోసం?”

“నేను రోడ్డు ఎందుకు దాటగలిగాననుకున్నావు మరిదీ? అదేదో కాపలా కాస్తుందని కాదు. దానికి అందరూ భయపడుతున్నారని. డబ్బు కడితే చాలు, ఎంత వేగంగా అయినా పోవచ్చని మీరే చూపించారు. మనవాళ్లే పోతుంటే, ముక్కూ మొహం తెలీనివాడు నా కోసం ఆగుతాడని ఎలా అనుకోను?”

“ఇక చెయ్యం వదినా. ఇవాళే మానేస్తాం.”

“మానెయ్యండి. కానీ నేను చూశాను కదా.”

మానేశాం. గాలిపటం రెండు రోజులు వ్యాను తియ్యకుండా షాపులకి తోపుడుబండి మీదే నీళ్లు వేశాడు. వదిన అంచు దాకా రావడం మళ్లీ మొదలుపెట్టింది. అటు నుంచి స్తంభం వైపు ఒకసారి, పల్లం వైపు ఒకసారి చూసేది. ఈసారి దాటుతుందేమోనని నేను సూది ఆపేసి చూసేవాణ్ణి. కెమెరా ఉంటే చాలు, ఎప్పటికైనా ఆ పాదం కిందికి దిగుతుందని నా ఆశ.

ఇంజనీరు మళ్లీ వచ్చాడు. వెంట నిచ్చెన వేసుకున్న బండి, ఇద్దరు పనివాళ్లు.

“నోటీసులు పెరిగాయి కదండీ!” అన్నాను.

“బాగా పెరిగాయి. కంపెనీవాళ్లు ఉంచేద్దామనే అన్నారు.”

“మరి నిచ్చెన ఎందుకు?”

“భద్రత చూసే విభాగం వేరే ఉందండీ. కెమెరా ఉండగా కూడా వేగం పెరిగిందంటే, ఇక్కడ దానివల్ల ఉపయోగం లేదని వాళ్లు తేల్చారు. తీసెయ్యమని ఆర్డరు.”

“అది మేమే కావాలని చేశాం సార్.”

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. “ఆ మాట ఇంకెక్కడా అనకండి. కావాలని చేస్తే నోటీసు కాదు, కేసు.”

“పోనీ ఒక స్పీడు బ్రేకరన్నా వెయ్యండి.”

“బస్సుల దారి. వెయ్యకూడదు.”

గాలిపటం అడ్డం వచ్చాడు. “డబ్బు రాకపోతే తీసేస్తారు, వస్తే కూడా తీసేస్తారు! అసలెందుకు పెట్టారయ్యా?”

“నేను పెట్టలేదండీ. నేను తీసేవాణ్ణే.” ఆయన మొహంలో వెటకారం ఏమీ లేదు. నిచ్చెన జారకుండా తనే వెళ్లి పట్టుకున్నాడు.

కాజా విప్పినంత సేపు కూడా పట్టలేదు. కెమెరా దిగింది, మొండి స్తంభం మిగిలింది. మొదటి గంట బళ్లు అలవాటు కొద్దీ నెమ్మదిగానే వచ్చాయి. పైకి చూసినవాడు ఒకడు హారన్ కొట్టి మరీ దూసుకుపోయాడు. వాణ్ణి చూసి వెనకవాడు. చీకటి పడేలోపు మలుపు పాత మలుపే అయింది.

వదిన అటు అంచున నిలబడింది. నేను ఇటు అంచుకి వచ్చాను. మధ్యలో లారీ పోయింది, కారు పోయింది, బస్సు పోయింది. ఆమె ఏదో అంది.

“ఏంటీ?” అని అరిచాను.

“రానంటున్నా!”

“రేపా?”

“ఇక రానూ!”

ఇంకో లారీ. అది పోయాక ఆమె నోటి చుట్టూ చేతులు పెట్టుకుని అరిచింది. “ఆ నీలం చొక్కాకి ఒక్క కాజా మిగిలింది! దారం రెండు పోగులు తీసుకో! లాగి కుట్టకు, గుడ్డ ముడుచుకుపోతుంది!”

“సరే! నేనే అటు వస్తున్నా, ఉండు!”

ఒక కాలు కిందికి దించాను. మలుపులోంచి వెలుగు వచ్చి మొహం మీద పడింది. కాలు వెనక్కి తీసుకున్నాను. ఇంకో బండి, దాని వెనక ఇంకోటి. అవన్నీ పోయాక చూస్తే అటు పక్క తలుపు వేసి ఉంది. నేను అక్కడే, అంచు మీదే నిలబడి ఉన్నాను.