వదిన పీల్చిన మందు

"పీల్చే మందు రోజూ వాడుతున్నారా, మధ్యమధ్యలో మానేస్తున్నారా?"

డాక్టరమ్మ అడిగింది మంచం మీదున్న వదినని. జవాబు మాత్రం పక్కన నిలబడ్డ మరదలి నోట్లోంచి ఊడిపడింది.

"మానేస్తారండీ. ఎంత చెప్పినా వినరు."

వదిన మొహానికి ఆవిరి మందు మాస్కు తగిలించి ఉంది. మాట్లాడే వీలు లేదు. మెల్లగా తల అడ్డంగా ఊపి, మరదలి వైపు ఒక్క చూపు చూసి కళ్ళు మూసుకుంది. ఆ చూపులో కాస్త కోపమైనా ఉండి ఉంటే బాగుండేదని మరదలికి తర్వాత చాలాసార్లు అనిపించింది.

వదిన ఆమె భర్తకి అక్క. పెళ్ళి వద్దనుకుని తమ్ముడి ఇంట్లోనే ఉంటూ, బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగిందో, ఏ ఏ ఊళ్ళ మీదుగా వెళ్తుందో చెప్పే ఉద్యోగం చేస్తోంది. చిన్నప్పటి నుంచీ ఉబ్బసం ఉన్నా, గుక్క తిప్పుకోకుండా ఊళ్ళ పేర్లన్నీ అప్పజెప్పేది. "మా అక్క గొంతు వింటే చెడిపోయిన బస్సు కూడా లేచి బయల్దేరుతుంది" అని తమ్ముడు వేళాకోళమాడేవాడు.

ఈ మధ్యే ఆ మాట మధ్యమధ్యలో తెగడం మొదలైంది. ఆయాసం వచ్చినప్పుడు పీల్చే నీలం పంపు చేతిసంచిలోంచి మాటిమాటికీ బయటికొస్తోంది. ఉదయమూ రాత్రీ పీల్చాల్సిన మందు సరిగ్గా వాడుతుంటే ఇలా ఎందుకవుతుందని మరదలికి అనుమానం పట్టుకుంది.

"వదినా, పొద్దున మందు పీల్చారా?"

"పీల్చానే తల్లీ."

"నిజంగా?"

"కాదు, కలలో. ఏమే, నేను నీ వదిననా, ఒకటో తరగతి పిల్లనా?"

నవ్వుతూ మొదలైన ఈ ఆరాలు నవ్వులతో ఆగలేదు. మరదలు సంగతి భర్త చెవిన వేసింది. అతను అక్కని కూర్చోబెట్టి కేకలేశాడు. "నీ ప్రాణం మీద నీకు లేని బాధ మాకెందుకు?" అని కూడా అన్నాడు. ఆ పూట వదిన కంచం ముందు నుంచి లేచిపోయింది. మరదలు కంచం తీసి కడుగుతూ, అంతా ఆవిడ మంచికేగా అనుకుంది.

ఇవాళ మధ్యాహ్నం మైకులో ఒక ఊరి పేరు సగంలో ఆగిపోయింది. తర్వాత బస్టాండంతటికీ వినిపించింది పిల్లికూతల ఊపిరి ఒక్కటే. పక్క కౌంటర్లలో వాళ్ళు కారులో వేసుకుని ఆసుపత్రికి తెచ్చారు. కబురందుకుని తమ్ముడూ మరదలూ వచ్చారు.

డాక్టరమ్మ ఇంకా అడుగుతూనే ఉంది. జలుబు చేసిందా? ఇంట్లో ఎవరైనా సిగరెట్టు కాలుస్తారా? దుమ్మూ, పొగా, కుక్కా పిల్లీ? కొత్తగా నొప్పి మాత్రలేమైనా వేసుకున్నారా? జలుబు చేసిన మాట నిజమేనంది మరదలు. మిగతావాటికి కాస్త గర్వంగానే "లేదండీ" అంది. ఆమె తిరిగే ఇంట్లో దుమ్ము నిలవడానికి భయపడుతుంది. దిండు గలేబులు వేడినీళ్ళలో ఉతుకుతుంది. కిటికీ ఊచలు కూడా ఒక్కొక్కటే తుడుస్తుంది.

"నీలం పంపు ఇంతగా వాడాల్సి వస్తోందంటేనే జబ్బు అదుపు తప్పుతోందని అర్థం. రోజూ వాడే మందు మానేస్తే ఇలాగే ఒక్కసారిగా మీద పడుతుంది," అంది డాక్టరమ్మ. నేను చెప్పలేదూ అన్నట్టు మరదలు తలూపింది.

డాక్టరమ్మ వదిన సంచిలోంచి స్పేసరు తీసింది. పంపుకి అమర్చి మందు పీల్చే ప్లాస్టిక్ గొట్టం అది. "దీన్ని అప్పుడప్పుడు సబ్బునీళ్ళలో కడిగి, అలాగే గాలికి ఆరనివ్వాలి. గుడ్డ పెట్టి తుడవకూడదు," అంది.

"తుడిస్తే ఏమవుతుందండీ?" అన్నాడు తమ్ముడు.

"దువ్వెనతో తల దువ్వి పట్టుకుంటే కాగితం ముక్కలు వచ్చి అంటుకోవూ? అలాగే, రుద్దిన ప్లాస్టిక్‌కి మందు అంటుకుపోతుంది. పీల్చామనే అనుకుంటారు. లోపలికి వెళ్ళేది తక్కువ."

మరదలు డాక్టరమ్మ చేతిలోని గొట్టం వైపు చూసింది.

ఆ గొట్టం కడిగేది ఆమే. ఒకరోజు దాని లోపల తెల్లటి పొర చూసి, "ఈ మురికి నోట్లో ఎలా పెట్టుకుంటున్నారు వదినా, ఇటివ్వండి" అని లాక్కుంది. అప్పటి నుంచీ ప్రతి ఉదయం గిన్నెలతో పాటు దాన్నీ కడిగి, భర్త కళ్ళజోడు తుడిచే మెత్తటి గుడ్డ లోపలికి దూర్చి, కీచుమనేదాకా రుద్దేది. కిటికీ దగ్గర వెలుతురుకి పెట్టి చూసుకునేది. చదివింది ఫిజిక్సు. గాజు కడ్డీని పట్టుగుడ్డతో రుద్దితే ఏమవుతుందో బొమ్మ వేసి మరీ పరీక్ష రాసింది.

డాక్టరమ్మ పక్క మంచానికి వెళ్ళింది. తమ్ముడు మందులు తేవడానికి వెళ్ళాడు. నర్సు వచ్చి మాస్కు తీసింది.

"ఏమోనే, నేనే మరిచిపోతున్నానేమో," అంది వదిన నీరసంగా. "పీల్చినట్టే గుర్తు. మీరిద్దరూ అంత గట్టిగా చెబుతుంటే నా మీద నాకే నమ్మకం పోతోంది. రేపు మైకులో ఒక బస్సుకి ఇంకో ఊరు చెప్పి జనాన్ని ఎక్కించేస్తే? మా ఆఫీసరుతో చెప్పి సామాన్ల గదిలో పని అడుగుతాను."

ఇంటికెళ్ళాక తుడవడం మానేస్తే సరిపోతుంది అనిపించింది మరదలికి. వదిన ఆయాసం తగ్గుతుంది. ఇప్పుడు బుద్ధిగా మందు వాడుతోందని అందరూ అనుకుంటారు. ఎవరికీ ఏమీ తెలియదు. అలాంటి ఆలోచన తనకు వచ్చినందుకు ఆమెకి సిగ్గుతో చచ్చినంత పనైంది.

"వదినా, మీరేమీ మరిచిపోలేదు," అంది. గుడ్డ సంగతి చెప్పింది.

వదిన మోచేతి మీద కాస్త లేచింది. "అయితే నేను పీల్చాను."

"పీల్చారు."

"రోజూ."

"రోజూ, వదినా."

"నీ శుభ్రం తగలెయ్య!" అని నవ్వబోయి దగ్గింది. "నన్ను చంపడానికి అంత తళతళలాడే ఆయుధం ఎలా దొరికిందే నీకు?" దగ్గు ఆగాక ఆ నవ్వు కూడా పోయింది. "తుడవకూడదని నీకూ తెలీదు, నాకూ తెలీదు. దానికి నిన్నేమీ అనను. కానీ పీల్చానే అని మొత్తుకుంటుంటే..."

మాట పూర్తి చేయలేదు. ఊపిరి చాలక కాదు.

మరదలు పక్క మంచం దగ్గరికి వెళ్ళి డాక్టరమ్మకి చెప్పింది. ఆవిడ వెనక్కొచ్చి వదిన చీటీలో ఏదో కొట్టేసి దిద్దింది. "అదీ ఒక కారణమై ఉంటుంది. జలుబు ఎలాగూ తోడైంది. చెప్పకపోతే వైద్యం వేరే దారిలో నడిపేదాన్ని," అంది. తిట్టలేదు.

తమ్ముడు మందుల సంచితో వస్తూనే అందుకున్నాడు. "ఇంటికి పద అక్కా. ఇక నుంచి నా కళ్ళ ముందు..."

"ఆపండి. మీ అక్క ఒక్క పూట కూడా మానలేదు. మందు లోపలికి వెళ్ళకుండా చేసింది నేను. అబద్ధాలాడుతోందని మీకు చెప్పిందీ నేనే."

"ఏంటీ?" అన్నాడు అతను.

"వాడికి సరిగ్గా వినపడినట్టు లేదు," అంది వదిన. "ఇంకోసారి చెప్పు."

ఆవిడ మొహంలో వేళాకోళం ఏ మూలా లేదు. మరదలు గొంతు పెంచి, మొదటి నుంచీ మళ్ళీ చెప్పింది. చుట్టూ మంచాల మీద మాటలు ఆగిపోయాయి. రెండోసారి చెప్పడమే కష్టమైంది.