ఖాళీ నుదుళ్ళ పటం

ఇలా దగ్గరగా జరగండే, తాండ్ర ముక్క నోట్లో వేసుకుని వినండి. పంతొమ్మిదివందల అరవై మూడో, నాలుగో, మామిడికాయల రోజులు. నూజివీడులో మా పక్కింటి కల్యాణి ఒక చేత్తో పప్పు కలుపుతూ రెండో చేత్తో కుంచె పట్టేది. మొగుడు ప్రభాకరరావుది బ్లాకు ఆఫీసులో బొమ్మలేసే ఉద్యోగం. వేసేది ఈవిడ, కింద సంతకం ఆయనది.

ఆ ఏడు మామిడిరసం సీసాల్లో నిలవ చెయ్యడం ఊళ్ళ ఆడవాళ్ళకి నేర్పమన్నారు. పైనుంచొచ్చిన నమూనా చూసి కల్యాణి ఉన్నదున్నట్టు దించింది: తెల్లచీర మనిషి కాయ కడగడం, రసం తియ్యడం, కాచడం, సీసాకెత్తడం. ఆ పటం ప్రభాకరరావు పట్టుకెళ్ళి చూపిస్తే రెడ్డిగూడెంలో రైతుల ఆడవాళ్ళు, "ఏడాది ఉండాల్సిన సరుక్కి బొట్టులేని మనిషే దొరికిందా?" అని లేచి వెళ్ళిపోయారట. కల్యాణి నాలుగు నుదుళ్ళకీ ఎర్రటి బొట్లు పెట్టింది. ఈసారి విస్సన్నపేటలో, చర్చి పక్కన ఉండే రిబ్కమ్మ, "ఇది మీవాళ్ళకోసం గీసింది కదయ్యా," అని మర్యాదగానే చెప్పి వెళ్ళిపోయిందట.

"నీ బొమ్మలకి నేను మాటపడుతున్నా. మళ్ళీ ఇలా అయితే మైలవరం పెయింటరుకిచ్చేస్తా," అన్నాడు ప్రభాకరరావు.

ఆ ఇంట్లో కల్యాణికి తనదనేది ఆ కుంచె ఒక్కటే. అయినా అది పోతుందన్న భయంకన్నా తెలుసుకోవాలన్న ఆరాటమే ఎక్కువ ఆవిడకి. వాళ్ళు బొమ్మలో ముందు ఏం చూస్తారు? చేతులా, మొహమా? పొయ్యి దగ్గర కూర్చుంటే ఎలా తెలుస్తుంది?

"రెడ్డిగూడెం నేనూ వస్తానండీ."

"మరి వంటో?"

"చద్దన్నం ఉంది."

పటం మళ్ళీ గీసింది. నుదుళ్ళు ఖాళీగా వదిలేసి, కుంకుమభరిణె పట్టుకెళ్ళింది. "ఈవిడెవరో మీరే చెప్పండమ్మా," అంది. ఆడవాళ్ళు నవ్వుకుంటూ ఒక్కోళ్ళూ వచ్చి ఒక్కో నుదుటికి వేలితో అద్దారు. నాలుగోదాని దగ్గరికొచ్చేసరికి వెనకనుంచి బసవమ్మ లేచింది. మొగుడు పోయి పదేళ్ళు. ఆ ఊళ్ళో సగం జాడీల్లో ఊరగాయ ఆవిడ చేతిదే, పేరంటానికి మాత్రం పిలవరు.

"దానికి పెట్టకండే. అది నేను."

ఒక్కళ్ళూ లేచి వెళ్ళలేదు. సీసా మూత బిగించేదాకా కూర్చున్నారు.

తర్వాత అదే తీరున ఖాళీ నుదుళ్ళతో రిబ్కమ్మ వాళ్ళకోసం ఇంకో పటం గీసింది. సంతకం పెడదామని ప్రభాకరరావు కలం తీశాడు. కల్యాణి పటం తనవైపు లాక్కుంది.

"ఆ జాగా కూడా ఖాళీగా ఉండనివ్వండి. ఎవరిదో వాళ్ళు పెట్టుకుంటారు."

గుర్తుంచుకోండే. మీ పిల్లలకి చెప్పేటప్పుడు ఆ జాగాలో కల్యాణి పేరు చెప్పండి.