మాణిక్యమ్మ గారి గేదె

నేను ఒక పెన్నుని. కంప్యూటరుకు తగిలించిన నల్లటి పలక మీద నన్ను కదిపితే తెర మీద బొమ్మ తేలుతుంది. ఎక్కడో సముద్రాల అవతల ఫ్యాక్టరీలో ఒక యంత్రం నా ముక్కును వేలసార్లు నొక్కి చూసి, పనికొస్తానని తేల్చింది. మనుషుల కోపం ఎంత గట్టిగా నొక్కుతుందో ఆ యంత్రానికి తెలియదు పాపం.

నన్ను మొదట కొన్నవాడు గుంటూరులో ఇంజనీరింగ్ చదివేవాడు. స్నేహితుల ఫొటోలకు మీసాలు గీసి, విసుగుపుట్టి అమ్మేశాడు. అలా ఫరీదా చేతికొచ్చాను.

ఫరీదా పెళ్ళి ఆల్బమ్‌లు చేసే స్టూడియోలో పెళ్ళికూతుళ్ళ ముఖాలు తెల్లగా చేసే పని చేసేది. అది మానేసి సొంతంగా బొమ్మలు గీయడం మొదలుపెట్టింది. "కుదరకపోతే మళ్ళీ రా, కుర్చీ ఖాళీగానే ఉంచుతా" అన్నాడట స్టూడియో యజమాని. ఆ మాట ఆమెకు ఓదార్పులా కాదు, బెదిరింపులా వినిపించింది. అలాంటప్పుడు తెనాలి దగ్గర పాల డెయిరీ నడిపే మాణిక్యమ్మ గారు ఫోన్ చేసి పని అప్పగించారు. ప్యాకెట్ల మీద, వ్యాన్ల మీద వేయడానికి ఒక గేదె పాత్రను తయారుచేయాలి.

"క్యూట్‌గా ఉండాలమ్మాయ్. కానీ మరీ పిల్లల బొమ్మలా వద్దు. మోడర్న్‌గా ఉండాలి, కానీ మన గేదెలాగే ఉండాలి" అన్నారావిడ ఫోనులో.

ఫరీదా ఉత్సాహంగా తలూపింది. ఫోనులో తలూపితే కనిపించదన్న సంగతి కూడా మరిచిపోయింది.

పెద్ద కళ్ళతో, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వే గేదెను గీశాం. "బానే ఉందమ్మాయ్, కానీ ఇది కాదు" అన్నారు. పావడా కట్టాం. ఇది కాదు. పావడా తీసి చేతికి పాలగ్లాసు ఇచ్చాం. ఇది కాదు. బొద్దుగా చేశాం, సన్నగా చేశాం, డాన్సు చేయించాం.

"ఏం మార్చమంటారో చెప్పండి మేడమ్" అని ఫరీదా బతిమాలింది.

"అది నేను చెప్పేదేంటమ్మాయ్? బొమ్మలేసేదానివి నువ్వు కదా!"

ఫోను పెట్టేశాక ఫరీదా నన్ను టేబుల్ మీదికి విసిరింది. నేను దొర్లి కింద పడ్డాను. ఆమె నన్ను తియ్యలేదు. మోచేతులు టేబులుకు ఆనించి, రెండు చేతులతో తల పట్టుకుని కూర్చుంది. స్టూడియోలో ఖాళీ కుర్చీ ఆమె కళ్ళముందు తిరుగుతోందని నాకు తెలుసు. గీసింది చెడిపోతే దిద్దుకోవచ్చు. ఏం గీయాలో ఎవరూ చెప్పకపోతే దేన్ని దిద్దాలి?

మర్నాడు నన్నూ పలకనూ ల్యాప్‌టాప్‌నూ సంచిలో వేసుకుని తెనాలి బస్సెక్కింది.

డెయిరీ ఆఫీసులో మాణిక్యమ్మ గారు భారీగా, నల్లగా, నుదుట పెద్ద బొట్టుతో కూర్చుని ఉన్నారు. ఫరీదా పలకను ఆవిడ ముందుకు జరిపి నన్ను చేతిలో పెట్టింది. "మీరే గీయండి మేడమ్. ఎలా వచ్చినా పర్లేదు."

"నాకేం వచ్చమ్మాయ్!" అంటూనే ఆవిడ నన్ను పిడికిట్లో పట్టుకున్నారు, గరిటె పట్టుకున్నట్టు. కుండలాంటి పొట్ట, నాలుగు కర్రలు, రెండు కొమ్ములు. ముఖం దగ్గర ఆగి, నోటికి ఒక అడ్డగీత గీశారు.

"నవ్వదా అండీ?"

"ఎందుకు నవ్వుద్ది? అదేమన్నా వెర్రిదా, వచ్చేపోయేవాళ్ళని చూసి ఇకిలించడానికి?"

"మరి క్యూట్‌గా అన్నారు కదండీ!"

"ఆఫీసు కుర్రాళ్ళు అలా చెప్పమన్నారమ్మాయ్. బొమ్మలేసేవాళ్ళకి అట్టా చెప్తేనే అర్థమవుద్దంట."

ఫరీదా తన కుర్చీని ఆవిడ దగ్గరికి జరుపుకుంది. తర్వాత నెమ్మదిగా, "ఆ మాటలన్నీ వదిలేయండి. మీ గేదె గురించి చెప్పండి" అంది.

ఆవిడ కిటికీ వైపు చూశారు. "మొదట్లో నాకు ఒక్కటే గేదె. దాన్ని తోలుకుని కాలేజీ ముందునుంచి పోతుంటే, 'అదిగో, రెండు గేదెలొస్తున్నాయ్' అని నవ్వేవోళ్ళు. నేను తలదించుకునేదాన్ని. అది మాత్రం దించేది కాదమ్మాయ్. పక్కకి తప్పుకోవాల్సింది వాళ్ళే అన్నట్టు నడిచేది."

ఇన్నాళ్ళూ మేం పంపిన ప్రతి గేదెనూ ఈవిడ ఏ కళ్ళతో చూసి ఉంటారో ఫరీదాకు అప్పుడు తట్టింది. ఆ నవ్వులన్నీ ఆవిడకు పాత నవ్వులే.

నన్ను అందుకుని అక్కడే గీసింది. నల్లటి గేదె. ఎత్తిన మెడ, మూసిన నోరు, తొందరలేని అడుగు. కళ్ళు సూటిగా ఎదుటివాళ్ళ మీద.

మాణిక్యమ్మ గారు చాలాసేపు చూశారు. కొంగుతో ముఖం తుడుచుకున్నారు. తర్వాత టేబుల్ మీద చరిచి అన్నారు: "ఆఁ! ఇదే! మొదట్నుంచీ నేను చెబుతోంది ఇదే కదమ్మాయ్!"

ఫరీదా వేళ్ళు నా చుట్టూ బిగుసుకున్నాయి. నా ఒంటికి ఒక పక్కనున్న మీట పుటుక్కున విరిగింది. ఆమె ముఖంలో మాత్రం చిరునవ్వు చెదరలేదు. "అవునండీ, మీరు చెప్పిందే" అంది.

ఆ గేదె ఇప్పుడు వ్యాన్ల మీద తిరుగుతోంది. ఫరీదా కొత్త పెన్ను కొనుక్కుంది. నేను ఆమె టేబుల్ మీద మగ్గులో, ఎండిపోయిన స్కెచ్ పెన్నుల మధ్య ఉంటున్నాను. పని చెప్పడానికి వచ్చినవాళ్ళు అప్పుడప్పుడు మామూలు పెన్ననుకుని నన్ను తీస్తారు. కాగితం మీద గీకుతారు, విదిలిస్తారు, మళ్ళీ గీకుతారు. చివరికి నన్నే తిట్టి మగ్గులో పడేస్తారు.

ఏం రాయాలనుకున్నారో మాత్రం ఒక్కరూ చెప్పరు.