ముందు నడిచే మనిషి

బేస్తవారం గట్టెక్కే గుంపుకు ఒక్కటే కట్టుబాటు. అందరికంటే నిదానంగా నడిచే మనిషి ముందు నడవాలి. మిగిలినవాళ్లు ఎంత చురుకైనవాళ్లయినా ఆ మనిషి వెనకే రావాలి, దాటిపోకూడదు. ఈ సంగతి తెలియకుండానే ఏసన్న ఆ గుంపులో చేరాడు.

చేర్చింది సిద్దమ్మ. కల్లూరులో ఏసన్న కూతురు మహిమ ఉండే ఇంటికి ఎదురిల్లు ఆమెది. అంగన్‌వాడీలో పనిచేసి రిటైరైంది. ఏసన్న బేతంచెర్ల నుంచి కూతురి దగ్గరికి వచ్చి నెలలు గడిచినా, వాకిట్లో కుర్చీ దాటి కదలడం ఆమె చూడలేదు. బేతంచెర్లలో ఆయన బండలు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పనిచేసినవాడు. సాయంత్రం ఇల్లు చేరేసరికి తల, రెప్పలు, మీసాలు అన్నీ తెల్లగా, పిండిమరలోంచి లేచి వచ్చినట్టుండేవాడు. పైన పడిన దుమ్ము నీళ్లు పోసుకుంటే పోయింది. లోపలికి పోయింది పోలేదు. ఊపిరితిత్తులు గట్టిపడినాయని, ఉన్నంత మటుకైనా పనిచేయాలంటే రోజూ మెల్లగా నడవాలని డాక్టరు చెప్పాడు. మహిమ ఆ మాట సిద్దమ్మ చెవిన వేసింది. సిద్దమ్మ నేరుగా కుర్చీ ముందుకొచ్చి నిలబడింది.

"ఏమన్నా, కుర్చీకి యేర్లు దిగుతాండాయి నీకు. బేస్తవారం మాతో రా. పందెం లేదు, పరుగు లేదు. గట్టెక్కి, ఉగ్గాని తిని, దిగొస్తాం."

ఏసన్న తల ఊపాడు. మామూలుగా ఆయన మాట్లాడేది అంతే. మహిమ బజారుకు పోయి బూట్లు తెచ్చింది. ఆయన పుట్టి బుద్ధెరిగాక లేసులున్న బూట్లు వేసుకోవడం అదే మొదలు.

ఆదివారం ఊరి బయటి ఆ కొండగట్టు మీద కుర్రకారు, మోటారు సైకిళ్లు. శనివారం పైనున్న ఆంజనేయస్వామికి మొక్కులవాళ్లు. బేస్తవారమైతే మేకలు, కౌజు పిట్టలు, ఈ గుంపు. అందుకని ఆ రోజు పెట్టుకున్నారు. గుంపుకు పెద్ద ఓబులేసు. వేంపల్లె వైపు రైతుల బిడ్డ. వ్యవసాయ శాఖలో ఉద్యోగం చేసి, కల్లూరులో ఇల్లు కట్టుకుని స్థిరపడ్డాడు. తరవాత పెద్ద ఈరన్న. బండల లారీ నడిపి నడిపి, కూర్చున్న చోటే చక్కెర జబ్బు తెచ్చుకున్నాడు. ఇంకా ఒకరిద్దరు వచ్చేవాళ్లు, మానేవాళ్లు. గట్టు కింది దాకా షేర్ ఆటోలో పోయి, అక్కణ్ణుంచి కాలిబాట పట్టేవాళ్లు.

మొదటి బేస్తవారం ఆటో దిగి చదునులో నాలుగడుగులు వేశారో లేదో, ఓబులేసు అందరి నడకా చూసి, ఏసన్న భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏసన్నా, నువ్వు ముందు నడువు."

ఏసన్న నిలబడిపోయాడు. ఆయన నాయన ప్రేమయ్య రెడ్ల సేద్యం చేసినవాడు. బాటలో రెడ్డి వస్తుంటే పక్కకు ఒదిగి, చెప్పులు చేతబట్టుకుని, ఆయన పోయినాక దూరంగా వెనకాల నడిచేవాడు. ఇది కొడుక్కు ఎవరూ చెప్పి నేర్పలేదు, చూసి వచ్చింది. ఫ్యాక్టరీలో మేస్త్రీ వెనక, కూలి డబ్బులిచ్చే దినం వరసలో వెనక, ఆఖరుకు చర్చిలో కూడా గోడ పక్కన వెనక బెంచీ. ముందు నడవడమెట్లో ఆయనకు తెలియదు. నాలుగడుగులకొకసారి వెనక్కి తిరిగి చూశాడు. అందరూ వెనకే ఉన్నారు. తంగేడు పొదల మధ్య ఒక మనిషి పట్టే బాట. ముందర ఎవరి వీపూ లేదు. బాట, రాళ్లు, పైన ఆకాశం, అంతే. ఆ పొద్దు ఏసన్న గట్టు పైదాకా ఎక్కాడు. ఎక్కి బండ మీద కూర్చుని, కింద కల్లూరు మేడలను, ఎండిన వంకను, దూరంగా రైలు పోవడాన్ని చూశాడు. సిద్దమ్మ స్టీలు డబ్బా మూత తీసి బొరుగుల ఉగ్గాని పెట్టింది. ఇంటికొచ్చినాక ఎట్లుండాదని మహిమ అడిగితే, "ముందు నడిపించినారమ్మా," అన్నాడు. తండ్రి అంత పెద్ద మాట చెప్పడం ఆమె విని చాలా కాలమైంది.

ఆ కట్టుబాటు ఎందుకు పుట్టిందో తరవాతి వారాల్లో సిద్దమ్మ చెప్పింది, ఓబులేసు వినకుండా. గుంపు పెట్టిన కొత్తలో ఓబులేసు బావమరిది మహానంది కూడా వచ్చేవాడు. లావాటి మనిషి, నవ్వించే మనిషి. ఒకరోజు సగం గట్టులో ఆయాసపడి రాయికి ఆనుకుని కూర్చున్నాడు. మీరు పోతాండండి, నేను ఎనక వస్తా అన్నాడు. వీళ్లు పోయారు. పైన మాటల్లో పడి ఆలస్యం చేశారు. దిగొచ్చేసరికి మహానంది అదే రాయికి ఆనుకుని ఉన్నాడు, నీళ్ల సీసా మూత చేతిలోనే ఉంది. మనిషి మాత్రం లేడు. ఓబులేసు ఆ పొద్దు నుంచి భార్య మొహం నేరుగా చూడలేదని కూడా సిద్దమ్మ చెప్పింది. అప్పటినుంచే ఈ పద్ధతి. నిదానం మనిషి ముందుంటే ఇక వెనక మిగిలేవాడు ఉండడు.

వానలు పడిన ఆ నాలుగు నెలలూ ఏసన్నకు బతుకులో పండగ. వారమంతా బేస్తవారం కోసం ఎదురుచూశాడు. బుధవారం సాయంత్రమే బూట్లు తుడిచి గడప పక్కన పెట్టుకునేవాడు. గట్టు మీద సీతాఫలాలు కన్ను విచ్చాయి. పెద్ద ఈరన్న చక్కెర జబ్బుండీ ఒకటి తింటానని సిద్దమ్మతో తగువు పడటం, ఆమె తిట్టి సగం చేతిలో పెట్టడం, ఇవన్నీ ఏసన్న చూసేవాడు. తన పక్కనే కూర్చుని తాను తింటున్న డబ్బాలోనే ఓబులేసు చెయ్యి పెట్టి తినడం కూడా చూశాడు. ఆయన్ని సార్ అని పిలవడం మాత్రం ఏసన్న మానుకోలేకపోయాడు.

చలి మొదలైనాక ఊపిరి వెనక్కి లాగింది. మొదట పై బండ దగ్గర ఆగినాక కాసేపు మాట రాలేదు. తరవాత పై బండ దాకా పోవడమే కుదరలేదు. సగం దారిలోని జారుడు మలుపు దగ్గరే ఆగి అక్కడే తిని దిగారు. ఇంకొన్నాళ్లకు మలుపు కూడా దూరమైంది. డాక్టరు ఈసారి నడవమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఎక్స్‌రే ఫిలిం వెలుతురుకు పట్టి చూసి, మహిమ వైపు తిరిగి, ఉన్నదాన్ని కాపాడుకోవడమేనమ్మా, పోయింది తిరిగి రాదు అన్నాడు.

గుంపులో ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడానికి వాళ్లు పడే పాట్లు ఏసన్నకు కనబడుతూనే ఉన్నాయి. ఆయన ఆగితే ఓబులేసు సెల్‌ఫోన్ తీసి చెవి దగ్గర పెట్టుకునేవాడు, అవతల ఎవరూ లేరని తెలుస్తూనే ఉండేది. పెద్ద ఈరన్న రేగు చెట్టు వైపు తిరిగి కాయలు లేని కొమ్మల్లో వెతికేవాడు. సిద్దమ్మ కిందికి వంగి బూటు లేసు కట్టుకుంటున్నట్టు చేసేది. ఆమె కాళ్లకున్నవి హవాయి చెప్పులు. ఏసన్నకు నవ్వొచ్చేది, నవ్వితే దగ్గొచ్చేది, దగ్గితే వాళ్లు ఇంకా సేపు ఆగేవాళ్లు.

ఒక బేస్తవారం కిందికి దిగినాక ఏసన్న ఆటోకు ఆనుకుని కూర్చున్నాడు. అవతలి పక్క టీ బంకు దగ్గర సిద్దమ్మ, పెద్ద ఈరన్న నిలబడి ఉన్నారు. ఏసన్న ఉన్నాడని వాళ్లకు తెలియదు.

"చెమట పట్టేదాకా నడువమంటాడు డాక్టరు," అన్నాడు ఈరన్న. "ఈడ నడిస్తేనేమో ఒళ్లు చల్లగానే ఉండాది. మొన్న చూపిస్తే చక్కెర మల్లా పెరిగిందంట. కాలి ఏలు తిమ్మిరెక్కి తెలవకుండా పోతాంది సిద్దమ్మా."

"అయితే ముందుకు పో. ఎవురు పట్టుకున్యారు నిన్ను?"

"యాడికి పోయేది? ఓబులేసప్ప మొగం చూసి పోగలవా నువ్వు?"

సిద్దమ్మ టీ గ్లాసు కడిగి బంకు మీద బోర్లించింది. తరవాత అంది, "పాపం ఆ మనిషి ముందు నడుస్తా ఎంత సంబరపడతాడో సూడలేదా నువ్వు."

"సూసినా. అందుకే గదా."

ఏసన్నకు ఆ మాటల్లో తిట్టు దొరకలేదు. తిట్టి ఉంటే బాగుండునని అనిపించింది. తిడితే మానేయొచ్చు. ఇట్లాంటి మాట విన్నాక మనిషి ఏం చేయాలో ఆయనకు తెలియలేదు. ఆ వారమంతా దాన్ని మింగనూ లేక కక్కనూ లేక గడిపాడు. మానుకుంటే మళ్లీ వాకిట్లో కుర్చీ. మానుకోకపోతే ఈరన్న కాలు. చివరకు ఒక ఉపాయం తోచింది. మానుకోవద్దు, వెనక్కి జరిగితే చాలు. వాళ్లు పైకి పోతారు, తాను కింద ఎక్కడో ఒకచోట కూర్చుంటాడు, దిగేటప్పుడు కలుస్తాడు. పుట్టినప్పటినుంచీ వెనక నడిచిన మనిషికి అదేం కష్టం?

తరవాతి బేస్తవారం ఆటో దిగగానే ఏసన్న లేసు కట్టుకునే నెపంతో వెనక నిలబడ్డాడు. ఓబులేసు కూడా నిలబడ్డాడు. లేసు కట్టడం అయ్యేదాకా చూసి, చెయ్యి చాపి బాట చూపించాడు. ఏసన్నకు ముందు నడవక తప్పలేదు. మొదటి ఎక్కుడు కూడా దాటలేదు, రొమ్ములో ఎవరో గుడ్డ కుక్కినట్టయింది. పక్కన చిన్న గుండురాయి ఉంటే దాని మీద కూర్చున్నాడు. వెనక ఓబులేసు ఫోను తీయబోతున్నాడు. ఏసన్న ఆయన్ని తీయనివ్వలేదు.

"మీరు పోతాండండి సార్," అన్నాడు. "నేను ఎనక వస్తా."

అన్నాక గాని ఆ మాట ఎవరిదో ఆయనకు గుర్తు రాలేదు. సిద్దమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఓబులేసు చెయ్యి జేబులో ఫోను మీద అట్లాగే ఉండిపోయింది. ముఖంలో రక్తం లేదు.

"ఆ మాట వద్దప్పా," అన్నాడు మెల్లగా. "ఈ గుంపులో ఆ మాట లేదు."

"నాకేమీ కాదు సార్. నిజంగానే వస్తా."

"వాడూ నిజంగానే అన్యాడు."

ఓబులేసు ఏసన్నకు ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. తెల్ల ప్యాంటు, ఎర్రమట్టి, చూసుకోలేదు. సిద్దమ్మ కూర్చుంది. పెద్ద ఈరన్న కొంచెం సేపు నిలబడే ఉన్నాడు. బాట పైకి చూశాడు, కాలి వేలు బూటులోనే ఆడించి చూసుకున్నాడు, తరవాత తానూ కూర్చున్నాడు. మేకలు కొన్ని వాళ్లను తోసుకుంటూ, వాళ్ల మధ్య నుంచే పైకి పోయాయి. వాటి గిట్టల చప్పుడు జారుడు మలుపు దాకా వినిపించింది. ఈరన్న అంతదాకా తల తిప్పి చూస్తూనే ఉన్నాడు.

సిద్దమ్మ డబ్బా మూత తీసింది. ఎవరికీ ఆకలి లేదు, అయినా తిన్నారు. ఉగ్గాని వేడి ఇంకా ఆరలేదు. గట్టు పైన తినేటప్పుడు అది ఎప్పుడూ చల్లగానే ఉండేది. ఏసన్న ఒక్కో బొరుగూ నమిలాడు. ఎవరైనా లేచి పోతే బాగుండును. ఎవరైనా విసుక్కుంటే బాగుండును. ఎదురుగా ఓబులేసు ఆయన రొమ్మునే చూస్తున్నాడు, అది లేస్తోందా లేదా అని. అట్లా చూడటం ఆ మనిషికి తప్పదని ఏసన్నకు అర్థమైంది. తాను ఊపిరి తీసినంత సేపూ ఆయన అక్కడ కూర్చునే ఉంటాడు.

అందుకని తానే లేచాడు. ఆయన లేస్తే అందరూ లేచారు, ఎటు పోతాడో అని చూశారు. పైకి పోయే ఊపిరి లేదు. ఏసన్న కిందికి తిరిగాడు. దిగేటప్పుడైనా ఎవరైనా దాటుకుని పోతారేమోనని చెవి రిక్కించి నడిచాడు. వెనక అడుగులు వినబడ్డాయి. అన్నీ ఆయన అడుగంతే నిదానం. దాటి ఎవరూ రాలేదు.

ఇంటికొచ్చి ఇక పోనని మహిమకు చెప్పాడు. ఆమె పోయి సిద్దమ్మకు చెప్పింది. సిద్దమ్మ ఆ సంగతి ఓబులేసు దాకా చేరవేసి, తిరిగొచ్చి ఆయన మాటగా చెప్పింది: సరే, ఏసన్న రాకపోతే ఏముంది, వాళ్ల వాకిట్లోనే కూర్చుందాం, గట్టు యాడికీ పోదు. వేళాకోళం కాబోలని మహిమ నవ్వింది. ఏసన్న నవ్వలేదు. ఓబులేసు వేళాకోళం ఆడే మనిషి కాడు.

బేస్తవారం పొద్దున ఆటో వచ్చి ఇంటి ముందర ఆగింది. ఏసన్న గడప లోపల కుర్చీలో ఉన్నాడు. కిటికీలోంచి చూస్తే సిద్దమ్మ ఒళ్లో స్టీలు డబ్బా పట్టుకుని కూర్చుంది. ఓబులేసు గేటు వైపే చూస్తున్నాడు. పెద్ద ఈరన్న అప్పుడే ఒక కాలు కింద పెట్టాడు, వాకిట్లోకి వచ్చి కూర్చోవడానికి. ఆ కాలు నేల మీద ఆనిందో లేదో తెలియనట్టు దాని వైపు చూసుకుంటున్నాడు.

"నాయనా, ఏం చెప్పేది వాళ్లకు?" అంది మహిమ.

ఏసన్న గడప పక్కనున్న బూట్లు దగ్గరికి లాక్కున్నాడు. వంగితే ఊపిరాడదని మహిమ ముందర కూర్చుని లేసులు కట్టింది. ఆయన గోడ పట్టుకుని, గేటు పట్టుకుని ఆటో దాకా వచ్చాడు. ఈరన్న కాలు లోపలికి తీసుకున్నాడు. వెనక సీట్లో వాళ్లంతా ఒకరినొకరు ఒత్తుకుని కూర్చున్నారు. ముందర, డ్రైవరు పక్కన సీటు ఖాళీగా ఉంది.