ఇద్దరు పెద్దాయనలు

మా ఇంట్లో నాన్నను అందరం 'పెద్దాయన' అనే అంటాం. అమ్మ అలవాటు చేసింది. పెద్దాయన గురక మొదలుపెడితే ఎదురింటివాళ్లు భూకంపమనుకుని పిల్లల్ని, పాస్‌పోర్టుల్ని తీసుకుని రోడ్డెక్కుతారు.

అక్క ఖగోళ శాస్త్రవేత్త. ఆమె పరిశోధించే కృష్ణబిలం కూడా పెద్దాయనే. తనతో జంటగా తిరుగుతూ పక్కనున్న నక్షత్రాన్ని కొంచెం కొంచెంగా లాక్కుని తింటుంది. లోపలికి పడబోయే వాయువు సలసలా కాగి ఎక్స్-కిరణాలు చిమ్ముతుంది. ఆ వెలుగు కన్నుమూసి తెరిచేలోగా ఎన్నోసార్లు పెరిగి తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గుల్ని అక్క శబ్దంగా మార్చింది, కమిటీకి వినిపించడానికి. వాళ్లు సరేనంటేనే టెలిస్కోపు మళ్లీ అటు తిరుగుతుంది. లేదంటే ఈలోగా ఆ వెలుగు చల్లారిపోతుంది, అక్క పరిశోధనా దాంతోపాటే.

కమిటీ ఉన్న రోజు ఉదయమే, రాత్రి రికార్డు చేసిన నాన్న గురకను నిద్ర డాక్టరు పంపమంటే అక్క పంపింది. అక్క కంప్యూటర్లో రెండు ఫైళ్లకూ పేరు ఒకటే, 'పెద్దాయన'.

స్పీకర్లు మోసినందుకు నన్నూ కమిటీ గదిలోకి రానిచ్చారు. అక్క మీట నొక్కింది. మంచినీళ్ల గ్లాసులు బల్ల మీద నడవడం మొదలుపెట్టాయి.

"అబ్బ! ఏం శక్తి!" అంది అధ్యక్షురాలు.

"అక్కా, ఇది మన పెద్దాయన" అన్నాను చెవిలో.

"తెలుసురా, నోర్ముయ్" అంది అక్క.

శబ్దం ఠక్కున ఆగింది. బట్టతల సభ్యుడు ముందుకు వంగాడు. "వాయువు రావడం ఆగిపోయింది. చూస్తూండండి, ఒక్కసారిగా విరుచుకుపడుతుంది."

విరుచుకుపడింది. కిటికీ అద్దం పగిలింది. వెంటనే స్పీకర్లోంచి అమ్మ గొంతు: "ఏవండీ, అటు తిరిగి పడుకోండి!"

గురక అణిగిపోయింది.

"కృష్ణబిలానికి పెళ్లాముందా?" అన్నాడు బట్టతల సభ్యుడు.

"జంట వ్యవస్థ అని దరఖాస్తులో రాశారు కదండీ" అంది అధ్యక్షురాలు.

అక్క నిజం చెప్పడానికి నోరు తెరిచేలోగా ఫోన్ మోగింది. నిద్ర డాక్టరు. కంగారులో అక్క వేలు స్పీకరు బొత్తాం మీద పడింది.

"అమ్మాయ్, మీ నాన్నగారు బతికే ఉన్నారా? ఇదేం ఊపిరమ్మా! లయ ఉన్నట్టే ఉంటుంది, పట్టుకోబోతే జారిపోతోంది. ఏదో గిర్రున తిరుగుతూ లోపలికి పోతోంది, బయటికి మాత్రం రావట్లేదు!"

"డాక్టరుగారూ, మీకు పుణ్యముంటుంది, అది ఇంకోసారి వెయ్యండి!" అని అరిచింది అక్క.

ఫోన్లోంచి టపటపటపమని చప్పుడు, వేడి పెనం మీద వడగళ్లు పడ్డట్టు. వడి పెరుగుతోంది, తడబడుతోంది, మళ్లీ అందుకుంటోంది.

"మేడమ్, ఇదీ నా కృష్ణబిలం. ఇందాకటిది మా నాన్న" అంది అక్క.

అధ్యక్షురాలు ఫోను దగ్గరికి లాక్కుని, కళ్లు మూసుకుని చివరిదాకా విన్నది. "టెలిస్కోపు నీదేనమ్మా. ఇవాళే తిప్పిస్తాను."

అక్క కుర్చీ ఉందో లేదో చూసుకోకుండా కూలబడింది. లేదు.

"ఏమండీ, నన్నేం చెయ్యమంటారు? ఆపరేషనా?" అని ఫోన్లో డాక్టరు అరుస్తున్నాడు.

"అక్కర్లేదు డాక్టరుగారూ. పక్కనున్న నక్షత్రాన్ని తినడం ఆపితే అదే తగ్గుతుంది" అంది అధ్యక్షురాలు.

డాక్టరు నిట్టూర్చాడు. "తిండి తగ్గించమని నేనూ మొత్తుకుంటూనే ఉన్నాను మేడమ్. వింటేగా!"