సన్నగీత, లావుగీత

మధ్యాహ్నం విందుకు లూదియా బోటీ కడుగుతోంది. వేడినీళ్లు పోసి గీకడం, మళ్లీ పోసి గీకడం. ఎంత రుద్దినా వేళ్లకు ఆ కంపు వదలదు.

హైదరాబాదులో పట్టుచీరలూ వజ్రాల నగలూ చూపించే ఖరీదైన పత్రికొకటి తన శీర్షికలకు కొత్త ఫాంటు తీసుకుంటోంది. ఆ సంబరానికే ఈ విందు. ఫాంటు గీసింది లూదియా. విందు మాత్రం ఆమె మొగుడు ప్రభాకర్‌కు.

నంద్యాలలో అతనిది పెళ్లికార్డుల షాపు. ఆ కార్డుల మీది అక్షరాలన్నీ ఒకే మందంలో మొద్దుగా పడి ఉంటాయని ఆమెకు మొదటినుంచీ రోత. తలకట్టు వెంట్రుకంత సన్నగా ఉండాలి, పొట్ట నిండుగా ఉండాలి, లావుగీత సన్నగీతలోకి జారేచోట కంటికి గతుకు తగలకూడదు. అంట్లు తోమి, బట్టలు ఆరేసి, మిగిలిన మధ్యాహ్నాలన్నీ ఇంట్లో కంప్యూటరు మీద అలాంటి అక్షరాలు గీయడానికే పోసింది. "కూచోని ఏందో గీకుతాంటాది" అని నవ్వేవాడు ప్రభాకర్.

షాపు కార్డుల మీద ఆ అక్షరాలు చూసి అడిగిన పత్రికవాళ్లు నమూనా పేజీ ఈరోజే పంపమన్నారు, గీసినవాళ్ల పేరుతో. పొద్దున ప్రభాకర్ ఒక్కమాటలో తేల్చేశాడు.

"నా పేరే ఎయ్యి. ఈడ అందరూ నేనే చేసినాననుకుంటాండారు."

"మరి నా పేరు యాడుంటాదయ్యా?"

ఆళ్లగడ్డ నుంచి వచ్చిన ఆడబిడ్డ రెబెకా మధ్యలో దూరింది. "ఎవురి పేరైతే ఏందమ్మా? మొగుడూ పెండ్లాం ఒకటే కదా!"

ఒకటేనట. బోటీ కడిగేటప్పుడు మాత్రం ఆ ఒక్కటీ తనే ఎందుకవుతుందో లూదియాకు అర్థం కాలేదు.

విస్తళ్ల ముందు ప్రభాకర్ ఎముక చీకుతూ తన కష్టం ఏకరువు పెడుతున్నాడు. పెళ్లిళ్లకు ఫొటోలు తీసే అజయ్ కుమార్ నిజంగానే ముచ్చటపడి అడిగాడు. "అన్నా, ఈ 'ళ' ఒంపు ఎట్ల తిప్పినావన్నా?"

"దాంట్లో ఏముందప్పా, కంప్యూటరే తిప్పుకుంటాది."

వడ్డిస్తున్న లూదియా చెయ్యి ఆగిపోయింది. పేరు కొట్టేస్తే కొట్టేశాడు, దొంగిలించిన దాని విలువైనా తెలియదు ఈ మనిషికి! మూతికంటిన నూనెను మోచేత్తో తుడుచుకుంటున్న ఆ మొహాన్ని చూసింది. ఇన్నేళ్లూ ఈ మొహానికా తను వండి పెట్టింది? తన మీద తనకే అసహ్యం పుట్టింది.

గిన్నె అక్కడే దించి, చేతులు కడుక్కుని, లోపలి గదిలో కంప్యూటరు ముందు కూర్చుంది. నమూనా పేజీలో ప్రభాకర్ రాయించిన వాక్యం ఉంది: "స్త్రీ సొగసుకు అక్షరరూపం". కింద అతని పేరు. రెండూ చెరిపేసింది. పేజీ తెల్లగా మిగిలింది. ఏం రాయాలో తోచలేదు.

బయటినుంచి ప్రభాకర్ కేక వినబడింది. "నీళ్లు ల్యావు ఈడ! యాడ చచ్చినావ్ మే?"

లూదియా ఆ మాటే టైపు కొట్టింది. పేజీ నిండేంత పెద్దగా పెట్టింది. యాడ చచ్చినావ్ మే? సన్నని తలకట్లతో, నిండు పొట్టలతో, నగల పెట్టెలో పెట్టినంత అందంగా ఉన్నాయి అక్షరాలు.

దాని కింద ఇంకో వరుస వేసి పత్రికకు పంపేసింది.

"ఈడనే ఉండా. ఈ అక్షరాలు గీసినది, లూదియా, నంద్యాల."